పొట్టి మాటల పొడుగబ్బాయి

మూసుకుపోతున్న లిఫ్టు తలుపుల మధ్య ఒక పొడుగాటి చెయ్యి అడ్డం పడింది.

"రండి, రండి."

వారం రోజుల సెలవు తర్వాత ఆఫీసుకు వస్తున్న ఆమెకు ఆ ఉదయం కనిపించిన మొదటి మంచితనం అదే. గొడుగు ఇంట్లో మరిచిపోయింది. జుట్టు చివరల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తలుపు పట్టుకున్న మనిషి ఎంత ఎత్తున్నాడంటే, మొహం చూడాలంటే తల పైకెత్తాల్సి వచ్చింది.

"థాంక్సండీ."

"ఎన్నో ఫ్లోరు?"

"మూడు."

"నాదీ."

అంతకు మించి మాట్లాడలేదు. జేబులోంచి మడత నలగని చేతిరుమాలు తీసి ఇచ్చాడు. "ఫరవాలేదండీ" అంటూనే ఆమె తీసుకుంది. మూడో అంతస్తు వచ్చేలోపు రెండుసార్లు దొంగచూపు చూసింది. చక్కగా ఉన్నాడు, అతిగా వాగడు. ఇలాంటివాళ్ళు మన ఆఫీసులో ఎందుకుండరో అనుకుంది.

ఉన్నాడు. ఆ సంగతి పావుగంటలో తెలిసింది.

రక్తపరీక్షలు చేసే ల్యాబులకు రిపోర్టులు తయారుచేసిపెట్టే యాప్ ఒకటి ఆ కంపెనీ అమ్ముతుంది. యాప్‌లో కనిపించే బటన్లు, పెట్టెలు, పట్టికలు అన్నీ ముందే ఒకచోట కట్టి ఉంచుతారు. మిగతా టీములు వాటిని ఇటుకల్లా తీసుకెళ్ళి వాడుకుంటాయి. దాన్ని కాంపొనెంట్ లైబ్రరీ అంటారు. ఆ ఇటుకల బట్టీ మూడేళ్ళుగా ఆమె చేతిమీద నడుస్తోంది. ప్రతి పేరూ పూర్తిగా రాయాలి, ప్రతి వాక్యం చివరా చుక్క పెట్టాలి అని అందరి వెంటా పడేది కాబట్టి ఆమెను పంతులమ్మ అనేవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే అనేవాళ్ళు. ఆమె దాన్ని బిరుదుగానే పుచ్చుకుంది.

కంప్యూటర్ తెరిచేసరికి, ఆమె లైబ్రరీలో మూడు వందల ఎనభై ఆరు ఫైళ్ళు మారి ఉన్నాయి.

ఎక్కడ చూసినా తను రాసిన "మార్జిన్‌టాప్" లేదు. దాని బదులు "ఎమ్‌టీ" అని రెండక్షరాలు. "ప్యాడింగ్" పోయి "పీ" వచ్చింది. "బ్యాక్‌గ్రౌండ్" పోయి "బీజీ" వచ్చింది. ఇంత చేసిన మహానుభావుడు కింద ఇచ్చుకున్న వివరణ ఒకే ఒక్క మాట: "కుదించాను". చివర చుక్క కూడా లేదు.

పంతులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరిదీ పని?" లేచి నిలబడి అడిగింది. హాల్లో పద్దెనిమిది తలలు ఒక్కసారి పైకి లేచాయి.

కిటికీ పక్క సీట్లోంచి ఒక మనిషి లేవడం మొదలుపెట్టాడు. చాలాసేపు లేస్తూనే ఉన్నాడు.

"నాదేనండి."

లిఫ్టులో మనిషే.

"ఎమ్‌టీ అంటే ఏంటి?"

"మార్జిన్‌టాప్. పైన వదిలే ఖాళీ."

"ఎమ్‌టీ అని చదివితే ఎంప్టీ అని వినిపిస్తుంది. రాసినవాడి బుర్ర ఖాళీ అనుకుంటారు."

"ఎలా చదివినా ఖాళీయే కదండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె అటు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"మరి ఈ పీఎక్స్?"

"ఎడమా కుడీ ప్యాడింగ్. లోపల వదిలే ఖాళీ."

"పీఎక్స్ అంటే పిక్సెల్, తెరమీది చుక్క! స్కూలు పిల్లల్ని అడిగినా చెప్తారు."

"వారంలో అలవాటైపోతుందండి."

"నాకు అలవాట్లు నేర్పడానికి మీరెవరు? నేను లేని వారం చూసుకుని నా లైబ్రరీ మీద పడ్డారా?"

"మేనేజర్ గారు చెయ్యమన్నారు. మీరు లేరని నాకు తెలీదు." ఒక్క క్షణం ఆగి, నిజాయితీగా ఇంకోమాట కలిపాడు. "అసలు మీరున్నారనే తెలీదు."

పుండు మీద కారం చల్లడమంటే అదే. మూడేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుని కట్టినదానికి, కట్టిన మనిషి ఒకరున్నారన్న సంగతే తెలీదట! ఆమె గబగబా వెళ్ళి చేతిరుమాలు అతని కీబోర్డు మీద పడేసింది.

"ఇదిగోండి మీ సరుకు. తడిసింది. ఆరబెట్టుకోండి."

మేనేజర్ అనే పెద్దమనిషి గొడవ విని గదిలోంచి వచ్చాడు. ఆయనకు ఎవరినీ నొప్పించకుండా అందరినీ ముంచే విద్య తెలుసు. "ఇద్దరూ కలిసి కూర్చోండమ్మా. ఏ పొట్టి మాట ఉండాలో, ఏది పోవాలో తేల్చండి. వచ్చే శుక్రవారం మొదటి ల్యాబుకు ఇచ్చెయ్యాలి" అని, టీ కప్పుతో మళ్ళీ లోపలికి పోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, అమ్మ కళ్ళలో మందు వేస్తూ కూడా అదే పాట. అమ్మకు వారం కిందటే కంటి ఆపరేషన్ అయింది. ఆ సెలవు అందుకే.

"మూడు వందల ఎనభై ఆరు ఫైళ్ళమ్మా! అడగలేదు, పెట్టలేదు."

"కోపంగా వెయ్యకే, చెంప మీద పడుతోంది మందు."

"రెండక్షరాల మాటలు! ఎవడికి అర్థమవుతాయి?"

"నేను ముప్పై ఏళ్ళు బతికింది పొట్టి రాతల మీదే కదే" అంది అమ్మ. ఆవిడ కోర్టులో స్టెనోగా చేసి రిటైరైంది. జడ్జి చెప్పేది షార్ట్‌హ్యాండ్ గీతల్లో పట్టుకుని, తర్వాత టైపు చేసేది.

"నీది వేరు."

"ఏం వేరు? అవతల మనిషి గడగడా చెప్పుకుపోతుంటే పొల్లు పోకుండా రాస్తూ కూర్చుంటే, ముద్దాయికి శిక్ష పడిందో వదిలేశారో కూడా తెలీదు. కాకపోతే ఒకటి. ఒకసారి జ్వరమొచ్చి నేను వెళ్ళలేదు. నా పుస్తకం చూసి పక్కామె ఏడ్చినంత పని చేసింది. ఒక్క గీత అర్థం కాలేదట. అప్పట్నించి ఏ గీత ఏ మాటకో వెనక పేజీలో రాసిపెట్టేదాన్ని."

"చూశావా! నేను చెప్పేదీ అదే."

"నువ్వు చెప్పట్లేదే, అరుస్తున్నావు." అమ్మ నల్లకళ్ళద్దాలు సర్దుకుంది. "ఇంతకీ ఎలా ఉంటాడు?"

"ఎవరు?"

"ఆ ఎమ్‌టీ అబ్బాయి."

"పొడుగ్గా" అంది ఆమె, ఇంకేం చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ప్రతి పొట్టి మాటకూ పక్కన పూర్తి అర్థం రాసి పట్టిక పెట్టాలని ఆమె పోట్లాడ్డానికి సిద్ధమై వచ్చింది. "మంచి మాటండి" అని అతను వెంటనే ఒప్పేసుకున్నాడు. దాంతో ఆమెకు ఇంకా మండింది. కత్తి నూరుకుని వెళితే అవతలివాడు తలుపు తీసి కుర్చీ వేస్తే ఎవరికి మాత్రం మండదు?

"ఎమ్ ఉండొచ్చు. పీ ఉండొచ్చు. పీఎక్స్ వీల్లేదు."

"పీఎక్స్ లేకుండా, పైనా కిందా ఖాళీకి పెట్టిన పీవై ఒక్కటే ఉంటే, జోడీ పోయిన చెప్పులా ఉంటుందండి."

"అయితే రెండూ తీసెయ్యండి. కాళ్ళకు చెప్పుల్లేకుండానే నడుద్దాం."

"ముళ్ళు గుచ్చుకుంటాయేమో."

"నాకు ఆల్రెడీ గుచ్చుకుంటున్నాయి. ఆరడుగుల ముల్లు."

"ఆరడుగుల రెండంగుళాలండి" అన్నాడు తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

ఆమె నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి లేచి మంచినీళ్ళు తాగొచ్చింది. చివరికి పీఎక్స్ ఉండిపోయింది.

సోమవారం సాయంత్రం వాన కుండపోతగా కురిసింది. బస్టాపు దాకా ఒకే గొడుగు, అతనిది. అతని ఎత్తుకు పట్టుకుంటే గొడుగు అతనికి, వాన ఆమెకు.

"ఇది గొడుగు పట్టడమా? నా మీద నీళ్ళు పొయ్యడమా?"

అతను గొడుగు ఆమె చేతికిచ్చాడు. ఆమె ఎత్తుకు పట్టుకుంటే ఊచలు అతని చెవికి తగిలాయి. ఒకటి రెండుసార్లు తగిలించుకుని, చివరికి గొడుగు కిందనుంచి బయటికి వచ్చి వానలోనే నడిచాడు. ఆమెకు జాలేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే చిరాకేసింది.

"అసలు మీకు మాటలంటే అంత పగ దేనికండీ? రాతలో కుదిస్తారు, నోటితో కుదిస్తారు."

బస్టాపు రేకు కింద నిలబడి, మొహం తుడుచుకుంటూ అతను ఆలోచించాడు.

"మా నాన్న దుకాణాలకి బోర్డులు రాసేవారండి. కుంచెతో. ప్రతివాడూ వచ్చి తన వంశచరిత్రంతా రాయమనేవాడు. ఇంత రాస్తే రోడ్డవతల మనిషికి ఒక్క ముక్క కనపడదు బాబూ అని బతిమాలి, రెండు మాటలకి దించేవారు. ఆ రెండిటినీ మాత్రం నిలువెత్తున రాసేవారు. చిన్నప్పుడు రోడ్డవతల నిలబడి చదవడం నా డ్యూటీ. నేను చదవలేకపోతే మళ్ళీ రాసేవారు." కాస్త తటపటాయించాడు. "మీరు రాసింది తప్పని కాదండి. పేజీ మొత్తం ఒక్క చూపులో కనపడాలని, అంతే. మీరు కట్టిన పద్ధతి బాగుంది కాబట్టే కుదించడం అంత తేలికైంది."

అతని నోటినుంచి అన్ని మాటలు రావడం అదే మొదలు. బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, అద్దం మీద ఆవిరి తుడిచి చూసింది. అతను అక్కడే నిలబడి తడి చొక్కా పిండుకుంటున్నాడు. వెధవ వాన, ఎంత బాగుందో అనుకుంది.

ఆ మెత్తదనం బుధవారం పొద్దుటి దాకా నిలిచింది.

బుధవారం పొద్దున మేనేజర్ కంపెనీ మొత్తానికి ఒక మెయిల్ పంపాడు. "మన కొత్త సహోద్యోగి కాంపొనెంట్ లైబ్రరీని సరికొత్తగా నిర్మించారు. అభినందనలు." అంతే. మూడేళ్ళ చాకిరీ చేసినామె ఊసే లేదు.

పంతులమ్మ మెయిల్ రెండుసార్లు చదివింది. కింద పద్నాలుగు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అతను అప్పటికింకా ఆఫీసుకు రాలేదు. వచ్చాక, "ఆ మెయిల్ నేను రాయమనలేదండి" అన్నాడు. "రాయమన్నవాళ్ళెవరూ రాయమన్నామని చెప్పరు" అంది. ఆ రోజంతా చింతనిప్పుల్లాంటి కళ్ళతో ఆ పొట్టి మాటల జాబితా మీద పడి, మిగిలిన మాటలన్నీ తనకు తోచినట్టు తేల్చిపారేసింది. అతను కామెంట్లు పెట్టాడు. ఒక్కటీ చదవకుండా, అన్నిటికీ "పరిష్కారమైంది" అన్న బటన్ నొక్కేసింది. ఆ బటన్ కూడా తను కట్టిందే.

శుక్రవారం మధ్యాహ్నం టెస్టరక్క పిలిచింది. ఆఫీసులో అందరికన్నా పెద్దావిడ. అందరి పనిలో తప్పులు పట్టడమే ఆవిడ ఉద్యోగం.

"ఇలా రా. ఇది చూడు."

తెరమీద పరీక్ష కోసం పెట్టిన నకిలీ రోగి రిపోర్టు. పొటాషియం ఏడు. అంత ఎక్కువుంటే గుండె ఆగిపోయే ప్రమాదముంది. ఆ గడి ఎర్రగా వెలిగి "నన్ను చూడు" అని అరవాలి. అది మాత్రం తెల్లగా, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. దాని వెనక లేతనీలంలో ల్యాబు ముద్ర.

"ఇది మన దగ్గరేగా అక్కా? ల్యాబుకు వెళ్ళలేదుగా?"

"పొద్దున్నించి అక్కడ ఇదే నడుస్తోంది. వాళ్ళ ముద్ర కావాలన్నారట. నిన్న మేనేజరే తగిలించి, నాకు చూపించకుండా పంపించేశాడు."

పంతులమ్మ గిరుక్కున తిరిగింది. కిటికీ పక్క సీటు వైపు.

"చూశారా మీ పొట్టి మాటల నిర్వాకం! నేను చెప్పానా లేదా?"

హాలంతా విన్నది. అతను వచ్చి తెర చూశాడు. ఏదో అనబోయాడు, ఆగిపోయాడు.

"ముందు ల్యాబుకు ఫోన్ చేద్దామండి" అన్నాడు.

పొద్దుటినుంచి ఇచ్చిన రిపోర్టులు నలభై ఒకటి. అతను ఒక్కొక్క అంకె చదువుతుంటే, ఆమె ఫోన్లో ల్యాబు ఇన్‌చార్జికి చెప్పింది. ఆయన తిట్టాడు. తిట్టాల్సిందే. నలభై ఒకటిలో మూడింట్లో ఎర్రగా ఉండాల్సిన గడులు తెల్లగా వెళ్ళాయి. ఇద్దరు ఇంకా ల్యాబు వరండాలోనే ఉన్నారు. మూడో ఆయన పెద్దవయసు మనిషి, పొటాషియం ఆరు పాయింట్ నాలుగు, రిపోర్టు తీసుకుని వెళ్ళిపోయాడు. కాగితంలో ఉన్నది కూతురి నంబరు.

మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఎత్తింది.

"నాన్నగారా? రిపోర్టు బానే ఉందన్నారండీ. ఎర్రరంగు ఎక్కడా లేదుగా. కాళ్ళు పీకుతున్నాయంటే పడుకోమన్నాను."

"పడుకోబెట్టకండమ్మా." పంతులమ్మ ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "రిపోర్టులో పొరపాటు జరిగింది. పొరపాటు మాదే. ఇప్పుడే, ఈ నిమిషమే, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పొటాషియం ఎక్కువుందని చెప్పండి. పేపరుందా? రాసుకోండి. నేను లైన్లోనే ఉంటాను."

గంటన్నర తర్వాత ఆ కూతురే ఫోన్ చేసింది. వేళకు తీసుకొచ్చారన్నారట. మందు ఎక్కిస్తున్నారట, భయం లేదన్నారట. పంతులమ్మ ఫోన్ పెట్టేసి బల్లమీద తలవాల్చి ఏడ్చింది. అతను ఒక గ్లాసు నీళ్ళు పక్కన పెట్టి, ఎవరూ చూడకుండా కుర్చీ అడ్డంగా జరుపుకుని కూర్చున్నాడు.

అయిదింటికి మీటింగు. కంపెనీ పెట్టిన పెద్దాయన స్పీకరు ఫోన్లో ఉన్నాడు. "ఎలా జరిగింది?" అని అడిగాడు.

"కొత్తబ్బాయి తెచ్చిన షార్ట్‌కట్ల వల్ల సార్" అన్నాడు మేనేజర్, వెన్న రాసినట్టు.

"ఏమంటావు బాబూ?"

అతను ఒకసారి పంతులమ్మ వైపు చూసి, తల దించుకున్నాడు. "ఇకమీదట జాగ్రత్తగా ఉంటానండి."

అంతే అన్నాడు. ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. జాబితాలో ప్రతి అక్షరానికీ నిలబడి వాదించినవాడు, ఇంత పెద్ద నిందకు నోరెత్తడేం?

తప్పు ఎక్కడ పుట్టిందో రాసి ఇవ్వమన్నారు కాబట్టి, ఆమె పాత మార్పుల చరిత్ర తెరిచింది. బీజీ అన్న మాటకు అతను మొదట ఇచ్చిన అర్థం రంగు మాత్రమే. బుధవారం దాన్ని ఎవరో పూర్తి బ్యాక్‌గ్రౌండ్‌గా మార్చారు. పూర్తి బ్యాక్‌గ్రౌండ్ అంటే గడి వెనక ఉండే రంగూ బొమ్మా అన్నీ కలిపి. పైకి సాధువే గానీ, అడుగుపెడితే అంతకుముందు అక్కడున్నదంతా తుడిచేసి కూర్చుంటుంది. మేనేజర్ బీజీలో ల్యాబు ముద్ర పెట్టగానే కింద ఉన్న ఎరుపు తుడుచుకుపోయింది.

మార్చిన మనిషి పేరు దగ్గర తన పేరే ఉంది.

దాని కింద అతని కామెంటు. అతను రాసినవాటిలో అంత పొడుగైనది ఇంకోటి లేదు. "బీజీకి పూర్తి అర్థం ఇవ్వొద్దండి. దాంతో రేపెవరైనా బొమ్మ పెడితే కింద ఉన్న రంగు పోతుంది. రిపోర్టులో ఎరుపు కూడా పోతుంది. మీరు మాటల్లో సగం అర్థం ఒప్పుకోరని తెలుసు. ఈ ఒక్కదానికి ఒప్పుకోండి. దయచేసి." అన్ని వాక్యాల చివరా చుక్కలున్నాయి.

పక్కనే, తను నొక్కిన "పరిష్కారమైంది".

ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చినట్టయింది. ముందు సిగ్గు. ఆ వెనకే, సిగ్గును తోసుకుంటూ, కోపం. లేచి పరుగులాంటి నడకతో వెళ్ళి, మెట్ల దగ్గర అతన్ని పట్టుకుంది.

"ఏమండీ! ఆగండి."

ఆగాడు.

"మీకు తెలుసు కదూ? తెర చూడగానే తెలిసింది కదూ?"

"ఆఁ."

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదు?"

"అప్పటికి మీరు ఏడ్చి ఉన్నారండి."

"అయితే? ఏడ్చినవాళ్ళు తప్పులు ఒప్పుకోకూడదా? నా తప్పు మొయ్యమని మిమ్మల్ని ఎవరు అడిగారు? నేనేమన్నా పసిపిల్లనా? అందరి ముందూ మిమ్మల్ని అన్నాను నేను! ఆ మాట నేను ఎక్కడ పెట్టుకోవాలి? మీరు మంచివాళ్ళయిపోయి వెళ్ళిపోతారు, నేను రోజూ అద్దంలో నా మొహం చూసుకోవాలి!"

అతను బిక్కమొహం వేశాడు. "నేను అంత దూరం ఆలోచించలేదండి."

"ఆలోచించరు. కుదిస్తారు! నాతో రండి."

మేనేజర్ గదిలో పెద్దాయనతో ఫోను ఇంకా నడుస్తోంది. ఆమె తలుపు కొట్టి లోపలికి వెళ్ళింది.

"సార్, ఆ తప్పు నాది. ఈయన ముందే రాసి హెచ్చరించారు. కోపంలో నేను చదవలేదు. టెస్టరక్కకు చూపించకుండా ల్యాబుకు పంపింది మేనేజర్ గారు. ఇద్దరం చేసినదాన్ని, చెయ్యని మనిషి నెత్తిన రుద్దడం అన్యాయం. ఒక ముసలాయన ప్రాణం మీదికొచ్చింది సార్. అందులో నా వాటా నాకు కావాలి."

మేనేజర్ టీ కప్పు వైపు చూస్తున్నాడు.

"రాసి పంపమ్మా" అన్నాడు ఫోన్లోంచి కంపెనీ పెద్దాయన. "రేపటినుంచి టెస్టరమ్మ సంతకం లేకుండా ఏదీ గడప దాటకూడదు. అభినందనల మెయిళ్ళతో సహా."

సోమవారం మేనేజర్ అందరి ముందూ నిలబడి, కొత్తబ్బాయికి క్షమాపణ చెప్పాడు. గొంతులో వెలక్కాయ పడ్డట్టు చెప్పాడు గానీ, చెప్పాడు. పంతులమ్మ కూడా చెప్పింది. బీజీ మళ్ళీ రంగు వరకే పరిమితమైంది. ఆస్పత్రిలో చేరిన ముసలాయన మూడో రోజు ఇంటికి వెళ్ళాడని కూతురు ఫోన్ చేసింది.

తర్వాత నెలరోజులు ఒకే బల్ల దగ్గర బాగానే గడిచాయి. రోజుకు రెండు పోట్లాటలకు తగ్గలేదు. పోట్లాట లేని రోజు ఇద్దరికీ అన్నం సయించేది కాదు.

అలాంటిది ఒక శనివారం, సగం పూట ఆఫీసు అయిపోతుండగా టెస్టరక్క చల్లగా చెప్పింది. "మన పొడుగు నాలుగో ఫ్లోరుకు వెళ్ళిపోతున్నాడుగా. తనే అడిగి మార్పించుకున్నాడట."

పంతులమ్మ చేతిలో పెన్ను కిందపడింది. తనే అడిగాడా? ఒక్క మాట తనతో అనకుండానా? లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లమీద, అట్టపెట్టె మోసుకుంటూ పైకెక్కుతున్న మనిషిని చూసి కింద నుంచే అరిచింది.

"నా పక్కన కూర్చోవడం అంత నరకంగా ఉందా?"

"లేదండి."

"మరి పారిపోవడం దేనికి?"

"రూలు చూశానండి." పెట్టె గుండెకు పట్టుకుని నిలబడ్డాడు. "ఒకరి పనిని ఒకరు రివ్యూ చేసేవాళ్ళు దగ్గరి బంధువులై ఉండకూడదట."

"మనకేం బంధుత్వం ఉంది?"

"ఇంకా లేదండి."

"మరి?"

"ఉంటే బాగుంటుందని."

మెట్లమీద ఫ్యాన్ లేదు గానీ ఆమెకు ఒక్కసారి చల్లగాలి తగిలినట్టయింది. ఆ వెంటనే మొహం కందిపోయింది.

"ఇదా అడిగే పద్ధతి? మెట్లమీద? అట్టపెట్టెతో?"

"కింద పెట్టమంటారా?"

"పెట్టండి!"

పెట్టాడు. చేతులు ఎక్కడ ఉంచుకోవాలో తెలీక వెనక్కి కట్టుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టమండి. అరిచినా ఇష్టమే. ఆ రోజు ఫోన్లో ఆ కూతురితో 'పొరపాటు మాదే, లైన్లోనే ఉంటాను' అన్నారు చూడండి, అప్పట్నించి పని మీద మనసు లేదు. మీకు ఇష్టం లేకపోతే పైనే ఉండిపోతాను. మీ కంట పడను."

"కంట పడకుండా ఎలా ఉంటారు, ఆ ఎత్తుకి?" గొంతు అనుకున్నంత గట్టిగా రాలేదు. సర్దుకుంది. "నాకు ఆలోచించుకోవడానికి టైం కావాలి."

"ఎంతండి?"

"ఆదివారం దాకా. మీ నాన్నగారిని తీసుకుని మా ఇంటికి రండి. అమ్మ ఉంటుంది."

అతను కళ్ళు చిట్లించాడు. "రేపే కదండీ ఆదివారం."

"అయితే? ఒక్కరోజు ఆలోచించుకునే హక్కు కూడా లేదా నాకు?"

ఆదివారం సాయంత్రం గుమ్మం దగ్గర తల వంచి అతను, వంచాల్సిన అవసరం లేని వాళ్ళ నాన్న లోపలికి వచ్చారు. గోళ్ళ సందుల్లో రంగు మరకలు ఇంకా పోని ఆ పెద్దమనిషి, కోర్టులో ముప్పై ఏళ్ళు చేసిన అమ్మ, పది నిమిషాల్లోనే పాత స్నేహితుల్లా కబుర్లలో పడ్డారు. పిల్లలిద్దరికీ మధ్యలో దూరే సందు దొరకలేదు. టీలు అయ్యాక అమ్మ కళ్ళద్దాలు తీసి, కొత్త చూపుతో అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. చూడ్డానికి కాస్త సమయం పట్టింది.

"నాకు నచ్చావు బాబూ. మా పిల్ల చెప్పకముందే చెప్తున్నా. కాకపోతే దానికి కోపం ముక్కుమీదే ఉంటుంది. పడగలవా?"

"అమ్మా!" పంతులమ్మ లేచి నిలబడింది. "నేనెప్పుడు కోప్పడ్డాను?"

వాళ్ళ నాన్న గోడమీద క్యాలెండరు వైపు చూశాడు.

"ఇవాళ ఇంకా లేదండి" అన్నాడు అతను.

అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె అతని వైపు ఉరిమి చూసింది. చూసి, చూపు తిప్పుకోవడం మరిచిపోయింది.